కుందేలు పిల్లకు నీళ్ళు

1981 ఏప్రిల్ 20

షంషు వచ్చి కుందేలు పిల్లను నా ఒళ్ళో పెట్టింది. కావాలా అని అడగలేదు. అట్టపెట్టెలో గడ్డి పరిచి, శనగలు పొట్లం కట్టి తెచ్చింది. షంషు అంటే షంషున్నీసా, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా పక్క బోర్డు. వాళ్ళన్న అల్లాబక్ష్ నూనెపల్లెలో కుందేళ్ళు సాకుతాడు. ఒంటిగా కూసుంటే పిచ్చి పడతాది, దీన్ని చూసుకుంటా ఉండు అంది. పిచ్చి పట్టడానికైనా కొంచెం ఓపిక కావాలి. నాకు అదీ లేదు.

గరిక పెట్టాలంట, శనగలు పెట్టాలంట. నీళ్ళు మాత్రం చూపించకూడదంట. నీళ్ళు తాగితే కడుపు ఉబ్బి సచ్చిపోతాది, మాయన్న ఎప్పుడూ పెట్టడు అంది. సరే అన్నాను. ఈ మధ్య అందరికీ సరే అంటున్నాను.

మే ఆఖరు దాకా నాకు లీవ్ ఉంది. బిడ్డ కోసం ఇచ్చిన లీవ్. మార్చిలో ఆళ్లగడ్డలో అమ్మ దగ్గర పురుడు పోసుకున్నాను. తొట్టెలలో వెయ్యకముందే బిడ్డ పోయాడు. లీవ్ మిగిలింది. దాన్నేం చెయ్యాలో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. ఉంచుకోమన్నారు.

ఏప్రిల్ 21

గంజి వారుస్తుంటే చేతి మీద పడింది. ఆయన చూసి అరిచే దాకా నాకు తెలియలేదు. బొబ్బ లేచింది. కుందేలు శనగలు తినింది.

ఏప్రిల్ 23, మధ్యాహ్నం

కమలాక్షమ్మగారింటికి నా కోసం ట్రంక్ కాల్ వచ్చింది. ఆమె మా ఇంటి ఓనరు, ముందు భాగంలో ఉంటుంది, ఫోన్ ఆమెకే ఉంది. అమ్మ, ఆళ్లగడ్డ పోస్టాఫీసు నుంచి. లైను కలిపింది షంషు. కలిపి వింటూ కూర్చుందని ఊపిరిని బట్టి తెలిసింది. నేనైనా అంతే చేసేదాన్ని.

నెత్తికి ఆముదం పెట్టుకుంటాండావా అని అమ్మ అడిగింది. చల్లగాలికి కూసోబాకు అంది. చెల్లెలు ఉమకు అయిదో నెల వచ్చిందంట, శ్రావణంలో పురిటికి పిల్చుకొస్తానంది. మంచిది అన్నాను. కుందేలు సంగతి చెప్పాను. నీళ్ళు పెట్టబాకు మే, అవి మంచు నాకి బతికేవి అంది. కాల్‌కిచ్చే మూడు నిమిషాలు అయిపోయాయి.

అమ్మకు నీళ్ళంటే భయం. పురిటి మంచం మీద నాకు పూటకు ఉగ్గుగిన్నెడు కాచిన నీళ్ళు పోసేది. అంతే. పచ్చి బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళంతా నీరు పడతాదంట, బిడ్డకు రొంప చేస్తాదంట. నలుగుర్ని కంటిని, మా యమ్మ నాకూ ఇట్లే చేసింది, నాకేమైంది అనేది. చెవుల్లో దూది, మంచం కింద కుంపటి, వెల్లుల్లి కారం కలిపిన అన్నం. బయట ఎండ. మా వీధి వెనకాలే శిల్పుల షెడ్లు, పొద్దు పొడిచినప్పటి నుంచి రాయి మీద ఉలి దెబ్బలు. వాకిలి అవతల నీళ్ళ కడవ ఉండేది. మంచం మీద నుంచి దాని మూతి కనిపించేది. నేను దాన్నే చూస్తున్నానని అమ్మ దాన్ని పక్కకు జరిపింది. నాకు కోపం రాలేదు. అందరికీ అట్లే కదా చేస్తారు అనుకున్నాను.

ఏప్రిల్ 25, ఉదయం

కుందేలు లేవలేదు. శనగలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి పడుకుంది. పెట్టె అడుగు తడిమితే ఎక్కడా తడి లేదు. ఇదీ పోతుంది అనుకున్నాను. అనుకుని కూరగాయలు తరిగాను.

ఆయన మిల్లుకు పోతూ పశువుల ఆస్పత్రికి తీసుకుపోరాదా అన్నాడు. నేను కదలనని ఆయనకు తెలుసు. రిక్షా పిలిచి వాకిట్లో నిలబెట్టి పోయాడు. రిక్షా అతను బెల్లు కొడుతున్నాడు. చెప్పులు వేసుకుంటున్నాను.

ఏప్రిల్ 25, సాయంత్రం

ఆస్పత్రిలో రెండు ఎనుములు, కాలు విరిగిన ఎద్దు, అట్టపెట్టెతో నేను. ఎనుముల వాళ్ళు పెట్టెలోకి తొంగి చూసి నవ్వారు. డాక్టరు నవ్వలేదు. కోస్తా మనిషి. కుందేలుకి నేనెప్పుడూ వైద్యం చెయ్యలేదండి, చూద్దాం అన్నాడు. మెడ మీద తోలు పట్టుకుని పైకి లేపి వదిలాడు. తోలు లేచినట్టే నిలబడి, నిదానంగా దిగింది. నీళ్ళు పెట్టడం లేదా అని అడిగాడు. పెట్టకూడదు కదా అన్నాను. ఎవరు చెప్పారండి అన్నాడు. అందరూ అన్నాను.

ఒంట్లో నీళ్ళు లేవు, కొంచెం కొంచెంగా పట్టించండి అన్నాడు. ఎంత తాగుతోందో, మూత్రం ఎంత పోస్తోందో రోజూ రాసుకోమన్నాడు. పోయడమే ముఖ్యమంట. పోయలేదంటే నీళ్ళు అందడం లేదని అర్థం, చిన్న ప్రాణులు వేటికైనా అంతే, నోరు లేదు కదండీ, అదొక్కటే అవి చెప్పగలిగేది అన్నాడు.

ఇంటికొచ్చి ఉగ్గుగిన్నె వెతికాను. దాని సన్నటి మూతి కుందేలు నోటికి సరిపోయింది. గడ్డిలో పోస్తే ఎంత పోసిందో తెలియదు, తెల్లగుడ్డ పరచాలి. అట్లాంటి గుడ్డలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. ట్రంకు పెట్టెలో. ఆయన పాత పంచెలు చించి, ఉతికి, మడిచి పెట్టిన పొత్తిగుడ్డలు. కొన్ని ఆళ్లగడ్డకు తీసుకుపోయాను, కొన్ని బిడ్డతో ఇక్కడికి వచ్చాక వాడదామని ఉంచాను. ఒకటి తీసి పెట్టెలో పరిచాను. ఏడుపు వస్తుందేమోనని ఆగాను. రాలేదు. గుడ్డ గుడ్డే.

ఏప్రిల్ 26, ఉదయం

అర గిన్నె పట్టించాను. సగం గడ్డం మీదుగా కారిపోయింది. గుడ్డ పొడి.

ఏప్రిల్ 26, 3 గంటలు

తడిసింది. అరచేతి వెడల్పు. చిక్కగా, పసుపుగా, ఘాటు వాసన. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నానని తర్వాత గమనించాను.

ఏప్రిల్ 28

నీళ్ళు గిన్నెన్నర. తనే నాకి తాగుతోంది. గుడ్డలు మూడు. రంగు పలచబడింది. శనగలకు బదులు గరిక పెట్టాను, తినింది.

మధ్యాహ్నం నేను పడుకున్నానని అనుకుని ఆయన పెట్టె దగ్గర గొంతుక్కూర్చుని గుడ్డ మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత ఆ వేలు పంచెకు తుడుచుకుని మిల్లుకు పోయాడు.

ఏప్రిల్ 30

ఉతికిన గుడ్డలు పెరట్లో తాడు మీద ఆరేస్తున్నాను. కమలాక్షమ్మగారు చూసి మొహం తిప్పుకుని లోపలికి పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి, పాత చీర ముక్కలు నా దగ్గరుండాయి, అవి పరుచుకో, ఇవి తీసేయి తల్లీ అంది. ఇవే బాగా పీలుస్తాయండీ అన్నాను.

ప్రహరీ అవతల నుంచి కూరగాయల ఆమె తాడు చూసి, కాన్పయిందా, ఏం బిడ్డ అని అరిచింది. మగబిడ్డ అన్నాను. అబద్ధం కాదు. కుందేలును షంషు పట్టుకుని చూసి మగదే అని చెప్పింది.

మే 2

ఈరోజు పొద్దున తాడు నిండిపోయింది. ఇంకో గుడ్డకు చోటు లేదు. క్లిప్పు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఆళ్లగడ్డ తాడు గుర్తొచ్చింది.

పురిటి గది కిటికీలో నుంచి పెరట్లో తాడు కనిపించేది. బిడ్డ పుట్టిన మొదట్లో తాడు నిండా గుడ్డలే. అమ్మ ఉతకలేక ఆయాసపడేది. తర్వాత తగ్గాయి. తర్వాత ఇంకా తగ్గాయి. అమ్మ ఎంత మురిసిపోయిందో. బంగారుకొండ, అప్పుడే బుద్ధి నేర్చినాడు, గుడ్డలు తడపడంల్యా అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. ఆఖర్లో తాడు మీద రెండు గుడ్డలు ఉన్నాయి. ఆ రోజే మాడు గుంట పడింది. అమ్మ ఆముదం తెచ్చి మాడుకు అద్దింది. బిడ్డ ఏడుపు కూడా సన్నగా అయిపోయింది. ఉలి దెబ్బలకు కూడా లేవకుండా పడుకున్నాడని అదీ మెచ్చుకున్నాం.

నాకు పాలు లేవు. ఒంట్లో నీళ్ళు లేనిదానికి పాలు ఎక్కడ నుంచి వస్తాయి. వస్తున్నాయేమో అనుకుని వాడు తాగుతూనే ఉన్నాడు. ఆఖరి రోజు ఆస్పత్రికి తీసుకుపోతే ఆలస్యమైంది అన్నారు. దేనికి ఆలస్యమో మేము అడగలేదు. ఊళ్ళో దిష్టి అన్నారు. అమ్మ ఇప్పటికీ దిష్టి అనే అంటుంది.

పోయలేదంటే నీళ్ళు అందడం లేదని అర్థం. డాక్టరు చెప్పి వారమైంది. వారం రోజులు నేను గుడ్డలు ఉతుకుతూ ఉన్నాను, ఈ మాట నా తలకెక్కలేదు.

క్లిప్పు నోట్లో పెట్టుకుని లోపలికొచ్చాను. వంట చేశాను. ఆయనకు చెప్పలేదు.

మే 3

నీళ్ళు రెండు గిన్నెలు. గుడ్డలు నాలుగు.

మే 6, ఉదయం

ఎరుపు. గుడ్డ మీద ఎర్రగా. రక్తం.

మే 6, 11 గంటలు

రిక్షా కోసం ఆగలేదు. పెట్టె చంకలో పెట్టుకుని ఎండలో ఆస్పత్రికి నడిచాను. గాంధీచౌక్ దగ్గర చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. డాక్టరు గుడ్డ చూసి, నిన్న ఏం పెట్టారండి అని అడిగాడు. తోటకూర. ఎర్ర తోటకూరా అన్నాడు. అవును, కమలాక్షమ్మగారి పెరట్లోది. పుస్తకంలో చూశానండి, కొన్ని ఆకులు తింటే కుందేళ్ళకు ఇట్లా రంగు దిగుతుందంట అన్నాడు. ఏదో మందు గుడ్డ మీద చుక్క వేసి చూసి, రక్తం కాదు అన్నాడు. బాగా పోస్తోంది, భయం లేదు అన్నాడు.

పెట్టె మూత పెట్టడం చేతకాక డాక్టరే పెట్టాడు. ఇంత భయం నా ఒంట్లో ఎక్కడుందో. బిడ్డను ఎత్తుకుపోయినప్పుడు కూడా ఇట్లా కాలేదు.

కాలు బొబ్బలెక్కింది. ఈ బొబ్బ నొప్పి తెలుస్తోంది.

మే 8

ఆయన ఆళ్లగడ్డ పోస్టాఫీసుకు ఫోన్ చేసి అమ్మను రమ్మన్నాడంట. తాడు మీద గుడ్డలు చూడలేకపోతున్నాడు, ఆ మాట నాతో అనలేక అమ్మతో అన్నాడు. ఎల్లుండి వస్తుంది.

చెప్పాలా వద్దా. రోజంతా ఇదే. ఎక్స్ఛేంజిలో చేరిన రోజు మాకు మొదట నేర్పించింది, బోర్డు మీద విన్నది బయట చెప్పకూడదని. చావు కబుర్లు, కోర్టు కబుర్లు, అన్నీ విని లైను కలిపి ఊరుకుంటాం. ఇదీ అట్లా ఊరుకోవచ్చు. చెప్తే అమ్మ తట్టుకోలేదు. వాడి కోసం నిద్ర మాని ఒళ్ళో వేసుకుని తిప్పింది అమ్మే. కావాలని చేసింది కాదు, ప్రేమతోనే నీళ్ళు దాచిపెట్టింది.

చెప్పకపోతే శ్రావణంలో ఉమను అదే మంచం మీద పడుకోబెడుతుంది. కడవ పక్కకు జరుపుతుంది.

మే 10

అమ్మ శిరివెళ్ళ మీదుగా వచ్చే బస్సు దిగింది. ఆయన పోయి పిల్చుకొచ్చాడు. సంచిలో ఆముదం సీసా, వెల్లుల్లి కారం. ఇంట్లో అడుగు పెట్టగానే పెట్టె చూసింది, పెట్టెలో నీళ్ళ గిన్నె చూసింది. ఏందే ఇది, దాన్నీ సంపుతావా అంది. గిన్నె తీసుకుని జాలారిలో పారబోసింది.

దాన్నీ అన్న మాట నాకు గట్టిగా తగిలింది. అమ్మ ఏమీ అనుకుని అనలేదు. గిన్నె నింపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పారబోసింది. మళ్ళీ నింపాను. నాకంటే నీకెక్కువ తెలుసా అంది. పదిహేను రోజులుగా తాగుతోంది, చూడు ఎట్లా దూకుతోందో అన్నాను. గొంతు పెద్దదయింది. కమలాక్షమ్మగారు కిటికీలోకి వచ్చింది. అత్తా, నువ్వు కాళ్ళు కడుక్కో ముందు, అని ఆయన గిన్నెకూ అమ్మకూ మధ్యన నిలబడ్డాడు.

సాయంత్రం దాకా అమ్మ కుందేలు ఎప్పుడు చస్తుందా అని చూస్తూ కూర్చుంది. అది చావలేదు. ఆమె చీర అంచు కొరికింది.

మే 11

ఉతికే పని అమ్మ నా చేతిలో నుంచి లాక్కుంది. పచ్చి ఒళ్ళు, నీళ్ళలో నానగూడదు అంటుంది. గుడ్డలు చూసి గుర్తుపట్టింది. సబ్బు ఎక్కువ పెట్టి ఉతికింది.

మే 12

నేను గుడ్డ తీసి, తడిమి, ఇంకోటి పరచడం అమ్మ చూస్తోంది. మధ్యాహ్నం ఆరినవి మడుస్తూ అడిగింది. దినామూ అట్ల తడిమి చూస్తాండావే, దేనికి. పోస్తాందా లేదా అని అన్నాను. పోయకుంటే ఏమైతాది అంది.

ఇక్కడ ఊరుకోవచ్చు. ఏమో అనవచ్చు. ఉమ మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఒంట్లోకి నీళ్ళు పోలేదని అర్థమంట, డాక్టరు చెప్పాడు అన్నాను.

అమ్మ గుడ్డ మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది. ఏ పానానికైనా అంతేనా అంది.

అంతేనంట అమ్మా అన్నాను.

మే 13

అమ్మ అన్నం ముట్టలేదు. పెరట్లో తాడు దగ్గర నిలబడింది. ఎండ నెత్తిన పడుతున్నా లోపలికి రాలేదు. పోయి చెయ్యి పట్టుకున్నాను. నా వైపు చూడకుండా, ఆడ రెండే ఉన్నె గదా అంది. నేను ఊరంతా చెప్పుకొని మురుస్తాంటి అంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నీకు తెలియదు కదమ్మా అన్నాను. ఎవరికీ తెలియదు అన్నాను. అది నిజమే. నిజమైనా ఆమెకు దానితో పనిలేదు.

ఆయన పెరటి గడప దగ్గర నిలబడి విన్నాడు. అట్లే గడప మీద కూర్చుండిపోయాడు. ఆ పూట మిల్లుకు పోలేదు.

మే 15

అన్నానికి కూర్చుంటే నా కంచం పక్కన చెంబు పెట్టి ఉంది. నిండుగా. నేను అడగలేదు. తాగేసరికి అమ్మ మళ్ళీ నింపి పెట్టింది.

ఉమకు మంచం పక్కనే కడవ పెడతా అంది. గోడతో మాట్లాడినట్టు అంది. సరే అన్నాను. ఈ సరే వేరే సరే.

మే 17

పొద్దున గుడ్డ పొడిగా ఉంది. నాకంటే ముందు లేచి అమ్మే చూసింది. కుందేలును ఒళ్ళో వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పట్టించింది. తాగు నాయనా, తాగు అంటోంది. ఎండ గడప దాటి లోపలికొచ్చే దాకా అట్లే కూర్చున్నాం.

కుందేలు అమ్మ ఒళ్ళోనే పోసింది. చీర మార్చుకో అమ్మా అన్నాను. ఉండనీ అంది. నేను ఆ తడి మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.